మీ ఇంట్లో బలిపీఠం ఎక్కడ?



2019లో మా పెద్దమ్మాయికి పురుడు పోయడానికి ఇంగ్లాండు వెళ్లాను. అమ్మాయి అక్కడ నర్సుగా పనిచేస్తోంది. పక్కింట్లో డెబ్బయ్యేళ్లు దాటిన ఒకావిడ ఒంటరిగా ఉండేది. బిడ్డ పుట్టగానే ఊలుతో టోపీ అల్లి తెచ్చింది. అక్టోబరు నెలాఖరున మమ్మల్ని టీకి పిలిచింది.

ఆవిడ ముందు గదిలో ఉత్తరపు గోడకు ఆనించి చిన్న బల్ల ఉంది. దాని మీద రెండు కొవ్వొత్తులు, గిన్నెలో నీళ్లు, పళ్లెంలో ఉప్పు, ధూపం, నల్లపిడి ఉన్న చిన్న కత్తి, రాలిన ఎర్రటి ఆకులు, చనిపోయిన భర్త ఫోటో ఉన్నాయి. "ఇది నా బలిపీఠం" అంది. మా అమ్మాయి మెల్లగా తెలుగులో, "అమ్మా, ఈవిడది విక్కా మతం. తనను తాను మంత్రగత్తెనని చెప్పుకుంటుంది" అంది. నా చేతిలో కప్పు వణికింది. లోలోపల "ప్రభువా, ప్రభువా" అనుకున్నాను.

నా భయం చూసి ఆవిడ నెమ్మదిగా వివరించింది. ఉప్పు భూమికి, ధూపం గాలికి, కొవ్వొత్తి అగ్నికి, గిన్నె నీటికి గుర్తులట. కత్తి దేన్నీ కోయడానికి కాదు, పూజాస్థలం చుట్టూ గాలిలో వలయం గీయడానికట. ఒక దేవతను, ఒక దేవుణ్ణి కొలుస్తుందట. ఏడాదికి ఎనిమిది పండుగలు. అక్టోబరు 31 చనిపోయినవారిని తలుచుకునే రోజట. సాతానును పూజించదు సరికదా, వాడున్నాడనే నమ్మదట.

ఇదంతా ఎప్పటిదో పాతకాలపు ఆచారం అనుకున్నాను. కాని ఇంటికొచ్చాక మా అల్లుడు చెప్పాడు. ఆ దేశంలో మంత్రవిద్యకు సంబంధించిన 1735 నాటి చట్టం 1951లో రద్దయింది. ఆ తరువాత మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన 1954లో పుస్తకం రాసి ఈ మతాన్ని లోకానికి తెలియజేశాడట.

మేము లేవబోతుంటే ఆవిడ నన్ను అడిగింది, "మీ ఇంట్లో మీ బలిపీఠం ఎక్కడ?" అని. "మాకు బలిపీఠం అక్కరలేదు. యేసుప్రభువు ఒక్కసారే అందరి కోసం బలి అయ్యాడు" అన్నాను. జవాబు సరైనదే. ఆవిడ తలూపి, "మంచిది. అయితే రోజూ మీ దేవునితో ఎక్కడ కూర్చుంటారు?" అంది. ఆవిడ ప్రతి ఉదయం ఆ బల్ల దగ్గర కూర్చుంటుందట. నాకు మాట రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊళ్లో మా నడిమింటి గోడలో ఒక గూడు ఉంది. మావారి తాతగారు బాప్తిస్మం తీసుకోకముందు అందులో ఇంటి దేవతకు దీపం పెట్టేవారట. బాప్తిస్మం తీసుకున్నాక విగ్రహం తీసేసి బైబిలు పెట్టారు. మా అత్తమ్మకు చదువు రాదు. అయినా రోజూ అన్నాలయ్యాక లాంతరు ఆ గూటి కింద పెట్టి అందరినీ కూర్చోబెట్టేది. ఒక కీర్తన, ఒక అధ్యాయం, ప్రార్థన. తరువాత టీవీ వచ్చింది. సీరియలు వేళా ప్రార్థన వేళా ఒకటే అయింది. 2012లో మావారు ప్రభువునందు నిద్రించాక మిగిలిన కాస్తా ఆగిపోయింది.

ఇప్పుడు ఆ గూట్లో మందుబిళ్లలు, కరెంటు బిల్లులు, ఒక ప్రార్థన నూనె సీసా ఉన్నాయి. బైబిలేమో నా తలగడ కింద ఉంది. చదవడానికి కాదు, పీడకలలు రాకుండా! జీవవాక్యాన్ని తాయెత్తు చేసుకున్నాను. పక్కింటావిడ ఉప్పును, నీళ్లను చూసి భయపడిన నేనే!

గిద్యోను తన తండ్రి కట్టిన బయలు బలిపీఠాన్ని పడగొట్టి ఊరుకోలేదు. యెహోవాకు బలిపీఠం కట్టాడు (న్యాయాధిపతులు 6:25-27). మనలో చాలామందిమి పడగొట్టడం వరకే చేశాము. ఖాళీగా ఉన్న గూట్లోకి ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది.

మరో మాట. మన పల్లెల్లో చేతబడి, బాణామతి అని నెపం వేసి దిక్కులేని ఆడవాళ్లను కొట్టిన, చంపిన సంగతులు మనకు తెలుసు. విశ్వాసులు అలాంటి మాట నోట కూడా రానీయకూడదు. ఏథెన్సులో పౌలు విగ్రహాలను చూసి పరితాపపడ్డాడు గాని ఎవరి బలిపీఠాన్నీ తన్నలేదు. దాని మీది రాతతోనే సువార్త మొదలుపెట్టాడు (అపొ. కార్యములు 17:16-23).

తిరిగి వచ్చే ముందు అమ్మాయిని తోడు తీసుకుని ఆవిడ దగ్గరకు వెళ్లాను. "మా ఇంట్లో దేవునితో కూర్చునే వేళ ఒకటి ఉండేది. పోగొట్టుకున్నాను. వెళ్లి మళ్లీ కడతాను" అన్నాను. నా ప్రభువును గురించి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. మారిందా అని అడుగుతారేమో. నాకు తెలిసినంతవరకు లేదు. ఆవిడ కోసం ప్రార్థిస్తున్నాను. ఆవిడ ప్రశ్న మాత్రం నన్ను మార్చింది.

ఊరికి రాగానే గూడు కడిగి బైబిలు పెట్టాను. రాత్రి ఎనిమిదింటికి టీవీ ఆపేశాను. మొదటి వారం నేనూ చిన్న కోడలూ ఇద్దరమే. పదో రోజున మనవడు, "నానమ్మా, ఈ పూట నేను చదువుతా" అంటూ వచ్చాడు.

ప్రియ సహోదరీ, సహోదరుడా! ఈ రాత్రి మీ ఇంటి గూట్లో ఏముందో చూడండి. ప్రభువు మన కుటుంబాల్లో తన బలిపీఠాన్ని తిరిగి కట్టును గాక. ఆమేన్.