పాతసామానుకు కొత్త మోజు

ఈమధ్య ఎవరింటికి పేరంటానికి వెళ్లినా నాకొక సందేహం వస్తోంది. మనం వచ్చింది ముందుగదిలోకా, పాతకాలపు పశువుల కొట్టంలోకా అని. మా అమ్మమ్మగారి ఊళ్లో పెరటి పొయ్యి మీద వేన్నీళ్లు కాగిన కొప్పెర ఇప్పుడు సోఫా పక్కన చేరి మనీప్లాంటును ఎత్తుకుంది. ఇసుర్రాయి మీద అద్దం పరిచి టీపాయ్ అన్నారు. బావి గిరక గోడెక్కి లైటు పట్టుకుంది. రోకలి ఒక్కటే ఇంకా డ్రాయింగు రూములోకి రాలేదు. వస్తుంది, తొందరపడకండి.

ఎగతాళి చేస్తున్నాననుకునేరు! ఇత్తడి అందం నాకూ ఇష్టమే. కాని ఆ మెరుపు వెనక ఒక ఆడమనిషి మణికట్టు ఉండేది. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పెట్టి రోజూ రెండుపూటలా తోమాలి. కళాయి పోతే పులుసు చిలుమెక్కుతుంది, కళాయి పోసేవాడు వచ్చేదాకా ఎదురుచూడాలి. 1980ల్లో స్టీలు సామాన్ల వాడు గడపలోకి వస్తే మా అమ్మమ్మ బిందెలూ గుండ్లూ తూకానికిచ్చి స్టీలు డబ్బాలు తీసుకుంది. "బంగారంలాంటి సామాను పోగొట్టింది" అని ఇప్పుడు అందరూ నొచ్చుకుంటారు. అలా నొచ్చుకునేవాళ్లలో ఒక్కరైనా ఆ బిందె తోమినవాళ్లు కారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన శీతకాలంలో హైదరాబాదు నుంచి మా వదినె కరీంనగర్‌కు పాతసామాను కొనడానికి వచ్చింది. మావారికి ఆమె అక్క. కొత్త ఫ్లాటు కొన్నారు. ఇంటీరియర్ డిజైనర్ అమ్మాయి ఒక జాబితా రాసిచ్చిందట: పాత టేకు దర్వాజ ఒకటి, ఇత్తడివి అయిదారు, ఒక 'ఎత్నిక్ కార్నర్'.

"ఆ కార్నర్‌ల ఏం పెడ్తరు వదినె?" అనడిగాను.

"నాకేం ఎరుక? ఫోటోల ఒక గుండి, ఒక ఏనుగు, ఒక అత్తర్‌దాన్ ఉన్నయి" అంది.

చార్మినార్ దగ్గరి మహబూబ్ చౌక్ తిరిగింది. గురువారం జుమ్మెరాత్ బజార్‌కూ పోయింది. ధరలు విని కళ్లు తిరిగాయట. పైగా ఆ అమ్మేవాళ్లలో ఒకడు, "ఇవన్నీ మీ జిల్లాలకెంచి వచ్చినయే కదమ్మా" అన్నాడట. అంత దూరం నుంచి తెచ్చి అమ్ముతుంటే పుట్టింటికి పోయి కొంటే ఏం అని బయల్దేరింది.

ఊరి బయట ఒక షెడ్డుంది, పాతసామాను అమ్ముతారు. మావారు వకీలు, మమ్మల్నిద్దర్నీ కారులో తీసుకెళ్లారు. లోపల ఒక ఇత్తడి నంది, ఒంటినిండా పచ్చగా చిలుము పట్టి ఉంది.

"రెండువందల ఏండ్లది మేడం! నిజాముల కాలంది" అన్నాడు షెడ్డాయన.

మావారు గొంతు సవరించుకున్నారు. "నూరేండ్లు దాటిందంటే పురావస్తువు అయితది. 1972 చట్టం ఉన్నది. అమ్మెటందుకు లైసెన్సు కావాలె. విగ్రహమైతే రిజిస్ట్రేషన్ సుత కావాలె. కాయితాలున్నయా?"

"అయ్యో సార్! మాటవరసకన్న. మొన్న దసరాకు పోతపోసిందే!"

ఒక్క నిమిషంలో అంత వయసు తగ్గించుకున్న వస్తువును నేనెక్కడా చూడలేదు. మన ఆడవాళ్లకైనా అది చేతకాదు. తర్వాత తెలిసింది, ఆ చిలుముకు నిజాములతో పనిలేదట. ఉప్పూ, పులుపూ పట్టించి తడిమన్నులో కొన్నాళ్లు పూడ్చిపెడితే చాలట. మనం తోమి తోమి వదిలించుకున్న చిలుముకు ఇప్పుడు వేరే ధర!

షెడ్డు వెనకాల దర్వాజలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అవి మాత్రం పాతవే. మానేరు మీద మిడ్ మానేరు జలాశయం కట్టినప్పుడు ఎన్నో ఊళ్లు ఖాళీ చేశారు. జనం ఇళ్లు విప్పుకుని, మోయగలిగింది మోసుకుని, మిగిలింది అమ్ముకున్నారు. మునగని ఊళ్లలో భవంతి ఇళ్లను స్లాబు ఇళ్లు మింగేశాయి. ఎటు చూసినా దర్వాజలకు చివరి మజిలీ ఇలాంటి షెడ్డే.

వదినె ఒక దర్వాజ ముందు ఆగిపోయింది. పైన తామరపువ్వు, అటూ ఇటూ చిలకలు. కడపకు చెక్కిన గీతల్లో పసుపు ఇంకా పోలేదు. పై కమ్మీకి మామిడాకుల తోరణం కట్టే చీలలు అలాగే ఉన్నాయి. "దీన్ని అడ్డంగ పండబెట్టి అద్దమేస్తే డైనింగు టేబుల్ అయితది మేడం, ఎనిమిదిమంది కూసోవచ్చు" అంటున్నాడు షెడ్డాయన.

"తమ్మీ, మన దర్వాజ గిట్లనే ఉండె గద?" అంది వదినె.

మావారు తలూపారు. జగిత్యాల దగ్గరి వాళ్ల ఊరి ఇల్లు 1998లో కూల్చి, అన్నదమ్ములు పంచుకుని స్లాబు వేసుకున్నారు.

"ఎవలకమ్మిండ్రు?"

"ఏమో అక్కా. నాయిన చూసుకున్నడు."

"కూలగొట్టేటప్పుడు నాకొక్క మాట చెప్పకపోతిరి. ఆఖరిసారి ఓ బొట్టు పెట్టి పోతుంటి."

మావారి దగ్గర ఎంత చట్టం ఉన్నా దీనికి జవాబు లేకపోయింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. వాటా సంగతి చట్టాలు చెప్పాయి. దర్వాజ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇల్లు విప్పే రోజున ఆడపిల్లకు కబురంపే ఆచారం ఏ ఇంట్లో ఉంది, మీరే చెప్పండి?

"కడప మీద కూసుంటెనే అమ్మ తిట్టేది" అంది వదినె, కారువైపు నడుస్తూ. "దాని మీద కంచం పెట్టుకొని ఎట్ల తింట?"

మర్నాడు ఊళ్లోనే వెండితీగ పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఎలగందుల ఖిల్లా నీడలో పెరిగి కరీంనగర్ పేరు మోస్తున్న పని అది. 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వెండిని చిల్లుల పలకలోంచి లాగి లాగి వెంట్రుకంత తీగ చేస్తారు. రెండు తీగలు మెలేసి, అణగగొట్టి, ఆకులుగా, పూలుగా చుట్టి చట్రంలో ఇముడుస్తారు. అరచేతిలో ఇమిడే అత్తర్‌దాన్ ఒకటి వదినె చేతికి తీసుకుంది.

"ఇది ఎప్పటిది నాయినా?"

"మొన్న సోమారం అయిపోయిందమ్మా" అన్నాడతను, తల ఎత్తకుండానే.

వదినె మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. బేరమాడకుండా కొనడం కూడా మొదటిసారే చూశాను.

ఇక ఏనుగో గుండో మిగిలింది. ఆదిలాబాద్ అడవుల్లో ఇత్తడి పోతపోసే ఓజులున్నారని మావారన్నారు. రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా జైనూరు పక్కన ఉషేగాం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇప్పుడది కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా. గోండుల దేవుళ్లకు గంటలూ, కాళ్లకు గజ్జెలూ తరతరాలుగా వీళ్లే చేసిస్తున్నారు. బయటివాళ్లు డోక్రా అంటారు. దానికి 2018లో గుర్తింపు దక్కింది.

ఒకామె మట్టి అచ్చు మీద మైనం తీగలు చుడుతోంది, అచ్చం మనం జంతికలు వత్తినట్టే. దాని మీద మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టాలి. అచ్చు ఉండదు కాబట్టి ఒక నెమలిలా ఇంకో నెమలి ఎన్నటికీ ఉండదు.

ఇత్తడి ఎక్కడిదనుకున్నారు? పక్కనే కుప్ప ఉంది. సొట్ట చెంబులు, విరిగిన గంటెలు, పగిలిన బిందెలు. స్టీలు సామాన్ల వాళ్లు తూకానికి పట్టుకెళ్లిన మన ఇళ్ల ఇత్తడిలో కొంతైనా ఇలాంటి కుప్పలకు చేరి ఉంటుంది.

వదినె కూర్చుని ఒక బిందె అంచు ముక్క తీసింది. అత్తవారింటికి పోయే పిల్లకు పెట్టిన సామాను మీద పేరు కొట్టిస్తారు కదా, చుక్కలు చుక్కలుగా? పేరంతా విరిగిపోయింది. చివరి అక్షరం ఒక్కటే మిగిలింది. 'మ్మ'.

"ఏ అమ్మదో" అంది వదినె. కొంగుతో ముక్క తుడిచింది. "దీంతోని ఏం చేస్తరు?"

ఏది అడిగితే అది చేస్తామన్నారు.

"అయితే నాకో దీపం చెయ్యుండ్రి. ఈ ముక్క అండ్లనే పడాలె. తొందరేం లేదు, నేనే మల్లొస్త."

అన్నట్టే వెళ్లి తెచ్చుకుంది. ఇప్పుడు ఆ ఫ్లాటులో భోజనాల బల్ల మామూలు సన్‌మైకాది. ఎత్నిక్ కార్నర్‌లో మాత్రం రోజూ సాయంత్రం నెమలి దీపం వెలుగుతుంది. వచ్చినవాళ్లు "అబ్బ, ఎప్పటిదండీ ఇది?" అని అడిగితే, "పోయిన మాఘమాసంది" అని చెప్తుందట. రెండువందల ఏళ్లదని చెప్పండి ఆంటీ అని డిజైనర్ అమ్మాయి ఇంకా బతిమాలుతూనే ఉందట.