గోదారి పుట్టినచోట... తాగే ద్రాక్ష!

షిర్డీ వెళ్లే తెలుగు కుటుంబాల రూటు మ్యాపు దాదాపు ఒకటే. బాబా దర్శనం, శని శింగణాపూర్, అక్కణ్నుంచి నాసిక్. పంచవటి, సీత గుహ, రామకుండంలో స్నానం, త్ర్యంబకంలో జ్యోతిర్లింగం... చీకటిపడేసరికి తిరుగు ప్రయాణం. దారి పొడవునా ద్రాక్షతోటలు కనిపిస్తూనే ఉంటాయి. 'ఎంత బావున్నాయో' అనుకోవడమే తప్ప కారు ఆపేవాళ్లు తక్కువ. అదే ఊరికి పడమరగా గంగాపూర్ డ్యామ్ వైపు వెళ్లే రోడ్డు మీద మాత్రం ముంబయి, పుణె కార్లు బారులు తీరతాయి. వాళ్లు వచ్చేది తినే ద్రాక్ష కోసం కాదు... తాగే ద్రాక్ష కోసం!

బ్రహ్మగిరి కొండ దిగిన గోదావరి నాసిక్‌కి ముందే ఆ డ్యామ్ దగ్గర ఆగుతుంది. రాజమండ్రిలో సముద్రంలా కనిపించే నదికి ఇక్కడింకా బాల్యమే. ఆ నీటికి దగ్గర్లోనే 1997లో రాజీవ్ సామంత్ అనే యువకుడు షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ తీగలు నాటాడు. స్టాన్‌ఫర్డ్‌లో చదివి, అమెరికాలో ఉద్యోగం మానేసి వచ్చిన మనిషి. వైన్‌కి అమ్మ సులభ పేరు గుర్తొచ్చేలా 'సులా' అని పెట్టుకున్నాడు. మొదటి సీసాలు 2000లో బయటికొచ్చాయి. మర్నాడే మహారాష్ట్ర ప్రభుత్వం కళ్లు తెరిచిందని కాదుగానీ, 2001లో వైన్ పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించింది. ఆ తర్వాత చుట్టుపక్కల వైనరీలు ఒక్కొక్కటిగా వెలిశాయి. 'నాసిక్ వ్యాలీ వైన్'కి 2010లో భౌగోళిక గుర్తింపూ దక్కింది.

వైనరీల్లో అన్నిటికంటే సందడిగా ఉండేది రుచి చూసే గది. గ్లాసులో రెండు గుక్కలే పోస్తారు. గుండ్రంగా తిప్పాలి, వాసన చూడాలి, ఆ తర్వాతే నోట్లో పోసుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లు బిక్కమొహం వేస్తే పక్కనున్నవాళ్లే గురువులైపోతారు. సావిన్యాన్ బ్లాంక్‌లో జామకాయ వాసన పట్టమని ఒకరు, కాదు పచ్చి క్యాప్సికమ్ అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే, ఆ ద్రాక్షకు రెండు వాసనలూ ఉంటాయి. షిరాజ్ అయితే మిరియాల ఘాటు. ఇక క్యాబర్నే సావిన్యాన్ నాలుకను పట్టేస్తుంది. పచ్చి అరటికాయ కొరికినట్టుండే ఆ వగరు తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చేదే. ఎర్ర వైన్‌కి రంగూ తొక్కదే, లోపలి రసం తెల్లనిదే! తొక్కల్ని కాసేపే ఉంచి తీసేస్తే గులాబీ రంగు రోజే తయారవుతుంది. తమాషా ఏమిటంటే, నల్లటి ఈ క్యాబర్నే సావిన్యాన్‌కి పుట్టుక ఇచ్చిన జంటలో ఒకటి తెల్లటి సావిన్యాన్ బ్లాంక్! కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలతో ఈ చుట్టరికాన్ని బయటపెట్టిందీ 1997లోనే.

అనుభవజ్ఞులు కొత్తవారికి మొదట చెప్పేది షెనిన్ బ్లాంక్‌తో మొదలుపెట్టమని. కాస్త తీపి మిగిల్చి చేసేది కాబట్టి కారం కూరల పక్కన అదే నిలుస్తుంది. గోంగూర మాంసం ముందు క్యాబర్నే పెడితే వగరూ కారం కలిసి నోరు మండిపోతుంది. ఎర్ర వైన్‌ని గది వేడిలోనే తాగాలన్న మాటనీ వాళ్లు నమ్మనివ్వరు. అది చలిదేశపు గది సంగతి. మన మే నెల గదిలో ఉంచిన సీసాని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

గదిలో కబుర్లు ఇలా సాగుతుంటే, బయట తోటలో వ్యవహారం వేరు. ఫ్రాన్స్‌లో తీగ చలికాలమంతా నిద్రపోతుంది. ఇక్కడ దానికి నిద్ర లేదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. ఏప్రిల్‌లో ఒకసారి, కొమ్మ గట్టిపడటానికి. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మరోసారి, పంటకోసం. జనవరి నుంచి మార్చి వరకు కోత. పగటి ఎండ తీపినిస్తే, రాత్రి చలి పులుపుని కాపాడుతుంది. రెండూ తూకంగా ఉన్నరోజు చూసి, ఎండెక్కకముందే గుత్తులు కోసేస్తారు. వడగళ్లు పడితే చెప్పేదేముంది... 2014లో ఫిబ్రవరి, మార్చి నెలల వడగళ్లు మహారాష్ట్రలో ఎన్నో తోటల్ని పాడుచేశాయి.

అంతకంటే పెద్ద దెబ్బ 2008 తర్వాత తగిలింది. ప్రపంచమంతా మాంద్యం, ఆపైన ముంబయి దాడులు. హోటళ్లు వెలవెలబోయాయి, సీసాలు గోదాముల్లో మిగిలాయి, రైతుల దగ్గర కాయ కొనేవాళ్లు కరవయ్యారు. తినే థాంప్సన్ సీడ్‌లెస్ అయితే ఏదో ఒక ధరకు బజారులో అమ్ముడుపోతుంది. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు పండిన అనాబ్-ఎ-షాహి అయినా అంతే. వైన్ ద్రాక్ష అలా కాదు. చిన్న కాయ, మందపాటి తొక్క, లోపల గింజలు. తోపుడుబండి మీద పెడితే పిల్లలు కూడా ముట్టరు. తీగ నాటాక సరైన కాపుకి మూడేళ్లు పడుతుంది. అన్నాళ్లు సాకిన తోటల్ని పీకేసి మళ్లీ తినే ద్రాక్షకి మళ్లినవాళ్లు ఎందరో. నిలబడ్డవాళ్లలో ఎక్కువమందికి ముందే రాసుకున్న ఒప్పందాలు అండగా ఉన్నాయి. అందుకే ఇప్పుడు ఏ రకం నాటాలన్న ప్రశ్న వస్తే రైతు తొలుత అడిగేది నేల గురించి కాదు, కాయ కొంటానని కాగితం మీద రాసిచ్చేదెవరని.

కోతల కాలంలో వెళితే తోటా చూడొచ్చు, ద్రాక్ష తొక్కే సరదా తీర్చుకునే వీలూ కొన్నిచోట్ల ఉంటుంది. షిర్డీ నుంచి నాసిక్‌కి సుమారు 90 కిలోమీటర్లు. స్టీరింగ్ పట్టేవాళ్లు మాత్రం గ్లాసుకి దూరంగా ఉండాలి. ఆ రోజు వాళ్ల వంతుకి తినే ద్రాక్ష! రోడ్డు పక్కన బుట్టల్లో పెట్టి అమ్ముతుంటారు.