అప్ప నేర్పిన తెలుగు

మా ఉత్తరాంధ్ర మనిషి బెజవాడలోనో హైదరాబాదులోనో నోరు విప్పితే ఎదుటివాళ్ల మొహంలో చిన్న నవ్వొకటి కదులుతుంది. ‘శ్రీకాకుళమా?’ అంటారు. కాదు, సబ్బవరం అంటే, ‘అదీ అటేగా’ అంటారు. ఆ నవ్వులో చాలాసార్లు చెడ్డ ఉద్దేశం ఉండదు, అందుకే దాన్ని తప్పుపట్టడం కష్టం. అది ఎక్కడ నేర్చుకున్నదో మాత్రం నాకు తెలుసు. మన సినిమాలు ఏళ్ల తరబడి ఈ యాసని పనిమనిషికీ, వాచ్‌మన్‌కీ, చిల్లరదొంగకీ ఇచ్చాయి. తెర మీద ఒక కలెక్టరో డాక్టరో ఈ యాసలో మాట్లాడగా ఎంతమంది విన్నారు?

ఇంతకీ ఇవాళ నేనీ నాలుగు ముక్కలు వాడుక తెలుగులో రాయగలుగుతున్నానంటే, అందుకోసం కొట్లాడిన పెద్దలు ఈ నేలవాళ్లే. గురజాడ వాడుక తెలుగులో రాసిన ‘కన్యాశుల్కం’ నాటకం 1897లో అచ్చయింది. ఆయన పుట్టిన ఎస్.రాయవరం, మా సబ్బవరం ఇప్పుడు ఒకే అనకాపల్లి జిల్లా. గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, సవర పిల్లలకి బడులు పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు, డెబ్బై దాటిన వయసులో, జీవితంలో ఎక్కువ భాగం గడిపిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. పొరుగువాళ్ల భాషని అంతగా ప్రేమించిన మనిషికి చివరికి సొంత ఊరు పరాయిదైపోయింది. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అయితే వాడుక భాష కోసం గురజాడ, గిడుగు నడిపిన ఉద్యమం గెలిపించింది చదువుకున్నవాళ్ల వాడుకని. కల్లంలో, రేవులో, సారా కొట్టు దగ్గర మాట్లాడే మాట గుమ్మం బయటే ఉండిపోయింది. దాన్ని చెయ్యిపట్టుకుని కథల్లోకి తెచ్చినవాళ్లలో విశాఖ వకీలు రావిశాస్త్రి ముఖ్యుడు. ‘ఆరు సారా కథలు’లో పోలీసులకీ కోర్టులకీ మధ్య నలిగే పేదలు తమ నోటితోనే మాట్లాడతారు.

యాస అంటే ప్రాంతం ఒక్కటే కాదు. ‘ఎలిపోనాడు’ అన్నవాడిది ఏ కులమో, ఏ పేటో లెక్కగట్టే చెవులు మా ఊళ్లోనూ ఉన్నాయి. బయటివాళ్లు నవ్వితే నొచ్చుకునేవాళ్లే ఇంటికొచ్చి పాలేరు మాటకి నవ్వడం చిన్నప్పట్నించీ చూస్తున్నాను. ఈ రెండో నవ్వు మొదటిదానికంటే పాతది, దానికంటే క్రూరమైనది.

మా సబ్బవరం జంక్షన్లో పళ్లమ్మే ఒక పెద్దావిడని ఇక్కడి లా యూనివర్సిటీ పిల్లలు ‘అప్పా’, అంటే అక్కా, అని పిలుస్తారు. వాళ్లలో ఇతర రాష్ట్రాలవాళ్లు చాలామందే. వచ్చిన కొత్తలో తెలుగు ముక్క రాదు. ‘ఇదేటప్పా, నిన్న ముప్పయ్యేగా సెప్పినావు?’ అని ఒక హిందీ కుర్రాడు జామకాయలు బేరమాడుతుంటే విన్నాను. ఎంత ధీమాగా అన్నాడో! ఆ మాట తక్కువదని అతనికెవరూ చెప్పలేదు. అప్ప కూతురికి మాత్రం హైదరాబాదు ఆఫీసులో రోజూ చెబుతున్నారు. పక్కన మనుషులుంటే తల్లితో ఫోన్లో కూడా గొంతు మార్చుకుంటుందట. ‘నామోసీ బావూ, దాన్నేటంటాం’ అని ఆవిడ కాయలు తూకం వేస్తూ అంది. ఆవిడకి కోపం రాలేదు, నాకు వచ్చింది.

ఆ విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరు దామోదరం సంజీవయ్యది. కర్నూలు దగ్గర పెదపాడులో దళిత కుటుంబంలో పుట్టి, లా చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఈ దేశంలో ఆ పదవికొచ్చిన మొదటి దళితుడు ఆయనే. ఆయన పేరు మీద న్యాయం చదివే పిల్లలు రేపు వకీళ్లవుతారు, కొందరు జడ్జీలవుతారు. ‘నానేటీ సెయ్యలేదు బాబూ’ అని బోనులో నిలబడిన మనిషి అన్నప్పుడు, ఆ మాటలో యాస కాకుండా సాక్ష్యం వినగలిగే చెవి వాళ్లకి కావాలి. అది నేర్పే పాఠం ఒకటి సిలబస్‌లో పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పాఠం చెప్పడానికి రావిశాస్త్రి కథలున్నాయి, గేటు దాటితే సబ్బవరం ఉంది.