చిన్న జహాజ్ మునిగిపోదా?

సమందర్ మీద షికారు ఓడల ధందాలో ఇప్పుడు అందరిదీ ఒకటే పరుగు. పెద్దది, ఇంకా పెద్దది, దానికన్నా పెద్దది. 2024 జనవరిలో మొదటి సఫర్‌కి బయల్దేరిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’లో నిండా ఎక్కిస్తే 7,600 మంది ముసాఫిర్లు పడతారు. ఒక మోస్తరు పల్లె పిల్లాజెల్లాతో లేచి ఓడెక్కినా ఇంకా చోటు మిగులుతుంది. లోపల నీళ్ల జారుడుబండలు, మంచు మీద ఆటలు, బజార్లు, చెట్లున్న బాగ్. దాన్ని ఓడ అనటం కన్నా తేలే షహర్ అనటమే నయం.

ఈ పరుగు మధ్యలో నలభై ఏళ్లుగా ‘నేను చిన్నగానే ఉంటా’ అని జిద్దు పట్టిన కంపెనీ ఒకటుంది. పేరు విండ్‌స్టార్. 2021 నాటికి దానికి ఆరు ఓడలు. ఆ ఆరింటిలోని ముసాఫిర్లందర్నీ తెచ్చి ఐకాన్‌లో కూర్చోబెట్టినా ముప్పాతిక ఓడ ఖాళీగానే ఉంటుంది. అలాంటిది ఇన్నేళ్లు ఎలా బతికింది? నాకు పట్టుకున్న సవాల్ ఇదే.

ఈ ఓడల గోల నాకెందుకంటారా? మా ఛోటీ ఖాలా కొడుకు ఓడ మీద కొలువు చేస్తాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ముంబైలో ఏజెంట్ల చుట్టూ తిరిగి తిరిగి, ఒక పెద్ద కంపెనీ జహాజ్‌లో వంటింటికి చేరాడు. ఎనిమిది నెలలు నీళ్ల మీద, రెండు నెలలు ఇంట్లో. అలా మూడు కాంట్రాక్టులు ముగిశాయి. ఈసారి ఇంటికొచ్చినప్పుడు చిన్న ఓడలు నడిపే ఇంకో కంపెనీ నుంచి పిలుపొచ్చింది. జీతంలో పెద్ద ఫరక్ లేదు, హోదా మాత్రం ఒక మెట్టు ఎక్కువ. ఇల్లు రెండు ముక్కలైంది. ఖాలూ వెళ్లమంటారు. ఖాలాకి ఒకటే ఫికర్: “అరే బేటా, చిన్న జహాజ్ మునిగిపోదా?”

ఇంట్లో అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. “ఓడ మునగదు భాయ్‌జాన్, కంపెనీ మునుగుతుందేమో. నువ్వు బ్యాంకు మనిషివి కదా, చూసి చెప్పు” అన్నాడు. జవాబు కోసం వెతుకుతూ నేను చదివిన కహానీ ఇది. వాడికి పిలుపొచ్చిన కంపెనీ వేరు. కానీ ఈ వ్యాపారంలో చిన్నవాళ్లకి రాగల ముసీబతులన్నీ విండ్‌స్టార్ ఒక్కదాని నసీబులోనే రాసిపెట్టి ఉన్నాయి. అందుకే దాన్ని పట్టుకున్నాను.

1984లో మొదలైంది ఈ కంపెనీ. పారిస్‌లో పుట్టి, ఓడల వ్యాపారంలో తలపండిన జాన్ క్లాడ్ పొటియే అనే ఆయన దీని వెనక ఉన్నాడు. ఆయన ఖయాల్ వింటే అప్పట్లో ఎవరికైనా పిచ్చి అనిపించేదే. ఇంజన్లు వచ్చాక తెరచాపల జమానా ఖతమైంది కదా, మళ్లీ ఆ తెరచాపల్నే తేవాలన్నాడు. అయితే తాళ్లు పట్టుకుని కొయ్యల మీదికి పాకే ఖలాసీలు అక్కర్లేదు. కంప్యూటరు గాలిని చూసుకుంటుంది, మీట నొక్కితే తెరచాప విచ్చుకుంటుంది, ఇంకోటి నొక్కితే చుట్టుకుంటుంది. గాలి లేనప్పుడు లాగటానికి కింద ఇంజన్ ఎలాగూ ఉంటుంది.

ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవులో మూడు ఓడలు కట్టారు. 1986లో విండ్ స్టార్, 1987లో విండ్ సాంగ్, 1988లో విండ్ స్పిరిట్. ఒక్కోదానికి నాలుగు తెరకొయ్యలు, ఆరు తెరచాపలు. ఎక్కేది 148 మంది. మన ఇళ్లల్లో వలీమాకి వచ్చే మెహమాన్‌లు కూడా అంతకన్నా ఎక్కువే ఉంటారు.

అప్పటి ఖరీదైన ఓడల్లో రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గరికి కోటు, టై లేకుండా వెళ్తే బేఅదబీ. విండ్‌స్టార్ ఆ రివాజుని పక్కన పెట్టింది. మీకు హాయిగా ఉన్న లిబాసులో రండి అంది. ఓడ నడిపే గదిలోకి కూడా ముసాఫిర్లని రానిచ్చింది. ఓడ వెనక తలుపు తెరిస్తే నీళ్లకి ఆనుకుని ఒక అరుగు, అక్కణ్నుంచి నేరుగా సమందర్‌లోకి దిగి ఈదొచ్చు. షాన్ అంటే షాండిలియర్లే కాదు, తొందరలేకుండా ఉండటం కూడా అని చెప్పి దాన్నే అమ్మింది.

ఐడియా బాగుంది. పైసల సంగతి వేరు. 148 మంది టికెట్ల మీద కెప్టెన్ జీతం, ఇంజనీర్ల జీతాలు, రేవు రుసుములు, ఇంధనం, రిపేర్లు అన్నీ పంచాలి. పెద్ద ఓడలో అదే బరువు వేలమంది మీద పడుతుంది. తలకి ఎంత పడుతుందో మీరే హిసాబ్ వేసుకోండి. కాబట్టి చిన్న కంపెనీ పెద్ద నీడ వెతుక్కుంది. 1988 కల్లా హాలండ్ అమెరికా అనే పాత ఓడల కంపెనీ దీన్ని పూర్తిగా కొనేసింది. 1989లో హాలండ్ అమెరికానే కార్నివాల్ కొనేసింది. అలా లోకంలోనే అతిపెద్ద ఓడల ఖాందాన్‌లో విండ్‌స్టార్ చిన్న కోడలిగా చేరింది. 1998లో ఐదు తెరకొయ్యల విండ్ సర్ఫ్ వచ్చింది. అది అంతకుముందు క్లబ్ మెడ్ వాళ్ల ఓడ.

తర్వాత దెబ్బలు మొదలయ్యాయి. 2002 డిసెంబరులో తాహితీ దగ్గర విండ్ సాంగ్ ఇంజన్ గదిలో మంటలు లేచాయి. అల్లా రహమ్, అందరూ సలామత్‌గా బయటపడ్డారు. ఓడ మాత్రం బాగుచేసే హాలతులో లేదని 2003 జనవరిలో అక్కడే సమందర్‌లో ముంచేశారు. ఖాలా అడిగినట్టు మునిగిన చిన్న జహాజ్ ఈ కథలో ఇదొక్కటే. అదీ మనుషుల చేతుల్తో ముంచింది. కంపెనీ ఆ దెబ్బకి పడిపోలేదు.

పడిపోయింది వేరేచోట. 2007లో కార్నివాల్ దీన్ని అంబాసిడర్స్ ఇంటర్నేషనల్ అనే కంపెనీకి 10 కోట్ల డాలర్లకి అమ్మేసింది. మరుసటి ఏడాదే ప్రపంచమంతా మాంద్యం. కొన్న మాలిక్ అప్పుల్లో మునిగి 2011లో దివాలా తీశాడు. వేలంలో జాంటెరా అనే సంస్థ విండ్‌స్టార్‌ని 3 కోట్ల 90 లక్షల డాలర్లకి దక్కించుకుంది. నాలుగేళ్లలో 10 కోట్ల మాల్ 4 కోట్లు కూడా పలకలేదు. ఓడలు అవే, తెరచాపలు అవే, వంటవాళ్ల చేతుల్లో హునర్ అదే. చిరిగింది మాలిక్ జేబు.

నేను ఆగిపోయి రెండుసార్లు చదివిన చోటు ఇదే. చిన్న కంపెనీకి ఖతరా అలల్లో ఉండదు, మాలిక్ ఖాతాలో ఉంటుంది. 2022లో క్రిస్టల్ అనే ఖరీదైన ఓడల కంపెనీ మూతపడినప్పుడూ ఇదే జరిగింది. ముసాఫిర్లకి దాని మీద మొహబ్బత్ తక్కువేం లేదు. హాంకాంగ్‌లోని దాని పెద్ద కంపెనీ గెంటింగ్ కూలిపోతే ఇదీ కూలింది. తర్వాత వేరేవాళ్లు కొని మళ్లీ లేపారనుకోండి. అయినా ఆ మధ్యలో వంటింట్లో చేసేవాడి రోజీ సంగతేంటి?

జాంటెరా మాలిక్ ఫిలిప్ ఆన్‌షుట్జ్ అమెరికాలో బడా దౌలత్‌మంద్. ఆ సంస్థకి గ్రాండ్ కాన్యన్ లాంటి అడవుల్లో, లోయల్లో హోటళ్లు నడిపిన తజుర్బా ఉంది. కొద్దిమంది మెహమాన్‌లు, గొప్ప జగా, ఈ రెండింటినీ కలిపి అమ్మటం దానికి తెలుసు. తొందరపడి పెద్ద ఓడలు కట్టించలేదు. సీబోర్న్ అనే పోటీ కంపెనీ అప్పటికి పెద్ద ఓడల దారి పట్టింది. 208 మంది ఓడల్తో మొదలై, 2009లో 450 మంది ఓడ తెచ్చుకుంది. మొదటి మూడు చిన్న ఓడలు దానికి బరువయ్యాయి. 2013లో విండ్‌స్టార్ ఆ మూడింటినీ కొంటున్నట్టు చెప్పింది. 2014లో ఒకటి, 2015లో రెండు చేతికొచ్చాయి. స్టార్ ప్రైడ్, స్టార్ బ్రీజ్, స్టార్ లెజెండ్ అని పేర్లు మార్చింది. ఒకరు వద్దనుకున్న సామాన్‌తో ఇంకొకరి తాహత్ రెట్టింపైంది.

తర్వాత జరిగింది ఇంకా తమాషా. 2018లో 25 కోట్ల డాలర్ల పని ఒకటి ప్రకటించారు. ఇటలీలోని పలెర్మో షిప్‌యార్డులో ఒక్కో ఓడని నడిమికి రెండు ముక్కలుగా కోసి, మధ్యలో 25.6 మీటర్ల కొత్త ముక్క పెట్టి మళ్లీ అతికారు. ఇంజన్లు మార్చారు. మన దర్జీలు పాత షేర్వానీకి నడుం దగ్గర గుడ్డ వేసి పొడుగు పెంచినట్టే. ఓడకి 50 గదులు పెరిగాయి. 212 మంది పట్టేది 312 మందికి సరిపోయింది. పని మధ్యలో కోవిడ్ వచ్చిపడినా 2021కల్లా మూడూ పూర్తయ్యాయి. టికెట్ మీద పైసా రాని రోజుల్లో కూడా ఓడల్ని కోసి అతికించగల మాలిక్ ఉండటమే ఈసారి దాన్ని కాపాడింది.

మరి బజారులో దీని ఔకాత్ ఎక్కడ? పైమెట్టు మీద సీబోర్న్, సిల్వర్‌సీ లాంటివి ఉన్నాయి. సీబోర్న్ కార్నివాల్‌ది. రోమ్ ఖాందాన్ 1994లో మొదలుపెట్టిన సిల్వర్‌సీ ఇప్పుడు రాయల్ కరీబియన్‌ది. పెద్ద ఓడ ఐకాన్‌కీ మాలిక్ వాళ్లే. 2022లో రిట్జ్ కార్ల్టన్ హోటళ్ల పేరుతో 298 మంది ఎక్కే ఎవ్రిమా దిగింది. 2023లో ఎమ్మెస్సీ వాళ్ల ఎక్స్‌ప్లోరా వచ్చింది, అందులో 900 పైచిలుకు. ఇంకోపక్క 112 మందితోనే నడిచే సీడ్రీమ్ ఉంది, నిజంగానే తాళ్లు లాగి తెరచాపలెత్తే స్టార్ క్లిపర్స్ ఉంది.

విండ్‌స్టార్ ఈ రెండు గుంపుల నడుమ నిలబడింది. సిల్వర్‌సీలో గదికి ఒక ఖాన్సామా ఉంటాడు, ఇక్కడ ఉండడు. అక్కడ టికెట్లోనే కలిసిపోయే కొన్ని ఖర్చులు ఇక్కడ మూల టికెట్‌కి బయట ఉంటాయి. టికెట్ కూడా ఆ మేరకు తేలిక. నవాబీ వద్దు, కానీ గుంపులో నలగటం కూడా వద్దు అనుకునేవాళ్లు దీని గిరాకీ.

దానికి ఇంకో ఖజానా కూడా కలిసొస్తోంది. ఊళ్లే పెద్ద ఓడల్ని వద్దంటున్నాయి. 2021 ఆగస్టు 1 నుంచి వెనిస్ నడిబొడ్డు కాలువలోకి 25,000 టన్నుల కొలత దాటిన, లేదా 180 మీటర్ల పొడుగు దాటిన ఓడల్ని రానివ్వటం లేదు. ఐకాన్ కొలత 2,48,000 టన్నుల పైమాటే. నడుం పెంచుకున్నాక కూడా స్టార్ ఓడలు దాదాపు 13,000 టన్నులు, పొడుగు 160 మీటర్లు. పెద్ద ఓడ ఆమడ దూరంలో ఆగిపోయే చిన్న రేవులోకి ఇది వెళ్లి లంగరేస్తుంది. చిన్నతనం ఇక్కడ కమ్జోరీ కాదు, ఇజాజత్ చీటీ.

ఇదంతా మా వాడికి చెప్తుంటే మధ్యలో ఆపి వాడొక మాట అన్నాడు. “అక్కడ రోజుకి వేల గుడ్లు పగలగొట్టేవాణ్ని భాయ్‌జాన్. మూడు కాంట్రాక్టుల్లో నా చేతి ముద్ద తిన్న మనిషి మొహం ఒక్కటి కూడా చూళ్లేదు.”

ఐకాన్‌లో గదికిద్దరి లెక్కన 5,610 మందికి పనివాళ్లు 2,350 మంది. విండ్ స్టార్‌లో 148 మందికి దాదాపు 100 మంది, ఎక్కువగా ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వాళ్లు. అక్కడ ఒక పనివాడు ఇద్దరికి పైనే చూసుకోవాలి, ఇక్కడ ఒకటిన్నర మందిని. రెండో రోజుకే మెహమాన్ పేరు, చాయ్‌లో చక్కెర ఎంతో తెలిసిపోతాయి. ఈ ఓడలు అమ్ముతున్న అసలు సరుకు అదే. మెహమాన్‌నవాజీ. దాన్ని 25 కోట్ల డాలర్లు పోసినా షిప్‌యార్డులో అతికించలేరు, అది పనివాళ్ల చేతుల్లోంచే రావాలి. అందుకే చిన్న ఓడలో వంటవాడు అంకె కాడు. అయితే దాక్కోవటానికి చోటూ ఉండదు. ఒకరోజు ఉప్పు ఎక్కువైతే ఎవరి చెయ్యో ఓడంతా తెలిసిపోతుంది. పై హోదాలు కూడా నాలుగే, అవి ఖాళీ అయ్యేదాకా సబర్ చెయ్యాలి.

నేను వాడికి మూడు సంగతులు కనుక్కోమన్నాను. మాలిక్ ఎవరు, గిరాకీ లేని రెండేళ్లు సొంత జేబుతో గడపగలడా? ఓడలు సొంతమా, అప్పు మీద ఉన్నాయా? ఒక్కో ఓడలో ఎంతమంది? మరీ వందకి తగ్గితే హిసాబ్ కుదరటం కష్టం, మరీ పెరిగితే చిన్న ఓడ అనే పేరుకి బర్కత్ పోతుంది. విండ్‌స్టార్ కూడా ఆ అంకె కోసమే 148 నుంచి 312 దాకా వెళ్లి, 2024లో ప్రకటించిన రెండు కొత్త ఓడలకి 224 అని ఖరారు చేసుకుంది.

వాడు వారం రోజులు ఫోన్లు చేసి కనుక్కున్నాడు. మూడింటిలో రెండింటికి మంచి జవాబే వచ్చింది. అప్పు సంగతి పూర్తిగా తేలలేదు. అయినా సంతకం చేశాడు. తొమ్మిది నెలల కాంట్రాక్టు. మీ దువాల్లో వాణ్ని యాద్ పెట్టుకోండి.