గోడ పగలగొట్టే ముందు

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఆ షెడ్డు గేటు దాటగానే రంపం మోత, కోసిన ప్లైవుడ్ వాసన ఒకేసారి తగిలాయి. పాత ఫ్లాట్లను, హౌసింగ్ బోర్డు ఇళ్ళను బాగుచేసి ఇచ్చే సంస్థ ఇది. వంటింటి అరలు, బీరువాలు షెడ్డులో తయారవుతాయి. పగలగొట్టడం, ప్లంబింగ్, కరెంటు, టైల్స్, రంగులు ఇంటి దగ్గర జరుగుతాయి. వీళ్ళు చెప్పిన రోజుకి ఇల్లు అప్పజెబుతారని ఇద్దరు ముగ్గురి నోట విన్నాను. హైదరాబాద్‌లో ఒక్కసారైనా ఇంటి పని చేయించినవారికి ఆ మాట అంత తొందరగా నమ్మబుద్ధి కాదు. ఎలా సాధ్యమవుతోందో చూసి రాస్తానంటే రమ్మన్నారు. సంస్థ పేరు, మనుషుల పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

యజమాని ఒకప్పుడు వడ్రంగం కాంట్రాక్టులు చేసినవాడు. ఇప్పుడు ఆయన పని కస్టమర్లతో మాట్లాడటం వరకే. పనులు నడిపేది సివిల్ ఇంజనీరింగ్ చదివిన ఒక అమ్మాయి. ముప్పై దాటి ఉంటాయి. షెడ్డులోనూ సైట్లలోనూ అందరికీ ఆమె ‘మేడం’. ఆమె గదిలో గోడ మీద పెద్ద తెల్ల బోర్డు, పక్కనే మేకుకు వేలాడుతున్న పంచాంగం. బోర్డు మీద నిలువుగా వారాలు, అడ్డంగా ఇళ్ళు. నాలుగే ఇళ్ళు. కింద ఖాళీ గీత, దాని కింద వరసలో ఎదురుచూస్తున్నవారి జాబితా.

“నాలుగుకి మించి ఎందుకు లేవు?” అని అడిగాను.

సమాధానం యజమాని చెప్పాడు. “మొదట్ల మేము కూడా ఎవరు అడ్వాన్సు ఇస్తే వాళ్ళ ఇల్లు పట్టుకున్నం సార్. పైసలొస్తుంటే వద్దన బుద్ధి కాదు గదా. ఒక ఇంట్ల గోడ పగలగొడ్తిమి, ఆ ఇల్లు అట్లనే ఇడిచిపెట్టి ఇంకో ఇంట్ల పగలగొడ్తిమి. టైల్స్ మేస్త్రీలు ఉన్నది ఇద్దరే. ఎనిమిది ఇండ్లకు వాళ్ళు ఎట్ల తిరుగుతరు? అందరి పని నడుస్తనే ఉండె, ఎవ్వరి పనీ అయిపోకపోతుండె.”

ఆయన అనుభవంతో చెప్పిన ఈ సంగతిని 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు లెక్కకట్టి నిరూపించాడు. పని ముగించే వేగం పెరగకుండా చేతిలో ఉన్న పనుల సంఖ్య రెట్టింపయితే, ఒక్కో పనికీ పట్టే కాలం రెట్టింపవుతుంది. ఫ్యాక్టరీలకైనా బ్యాంకు క్యూలకైనా ఇదే సూత్రం. మన ఊళ్ళో ఇంటి పనులు నెలల తరబడి సాగడానికి పనివాళ్ళ బద్ధకం కారణమని తిట్టుకుంటాం. ఆ పనివాడు ఆ రోజు ఇంకొకరి ఇంట్లో చెమటోడుస్తూ ఉంటాడు. అక్కడికి పంపింది కాంట్రాక్టరే.

పంచాంగం ఎందుకో మేడం చెప్పింది. ఇల్లు బాగుచేయించుకునేవాళ్ళు పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టుకుంటారు. ఆషాఢంలో వద్దంటారు, శ్రావణం రాగానే అందరికీ ఒకేసారి కావాలి. మూఢం వస్తే మళ్ళీ ఆగుతారు. ఇటు వడ్రంగులు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వాళ్ళు. దీపావళికి, హోళీకి ఊరెళ్తారు. బిహార్ నుంచి వచ్చిన హెల్పర్లు ఛఠ్ పండక్కి ఆగమన్నా ఆగరు. రంగులేసే బృందం శ్రీకాకుళం జిల్లాది, సంక్రాంతికి ఒక్కరూ మిగలరు. ఈ తేదీలన్నీ బోర్డు మీద ఎర్ర రంగుతో ముందే గీసి ఉన్నాయి. “పండక్కి పోవద్దంటే పోకుండ ఉండరు. చెప్పకుండ పోతరు. అందుకే ఎప్పుడు పోతరో నేనే ముందుగా అడుగుత, తిరిగొచ్చే టికెట్టు కూడా అప్పుడే తీయిస్త” అంది. మనుషుల్ని నడపడం గురించి లావు పుస్తకాల్లో చదివిన చాలా సంగతుల కంటే ఈ రెండు మాటలు నాకు విలువైనవిగా తోచాయి.

షెడ్డులో ప్లైవుడ్ షీట్లు గ్రేడుల వారీగా పేర్చి ఉన్నాయి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. సింకు కిందికి, తడి తగిలే చోట్లకి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నది. పడకగది బీరువాలకి ఐ.ఎస్. 303. కోసిన ప్రతి ముక్కకీ అంచు పట్టీ అంటించగానే ఒక కాగితం చీటీ అంటిస్తున్నారు. ఏ ఇల్లు, ఏ గది, ఎడమా కుడా, ఎన్నో నంబరు అన్నీ దాని మీద ఉంటాయి. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. ఉత్తరాది వడ్రంగి సూత్‌లలో, మన వడ్రంగి నూళ్ళలో, డ్రాయింగు మిల్లీమీటర్లలో మాట్లాడితే తలుపుకీ చట్రానికీ మధ్య సందు వస్తుంది. అందుకని అందరికీ మిల్లీమీటర్ల టేపులు కొనిచ్చి, పాతవి తీసుకున్నారు.

ఇంకొకటి చూసి ఆశ్చర్యపోయాను. ప్రతి ఇంటి ఫైలులోనూ అపార్ట్‌మెంట్ లిఫ్టు కొలతలు ఉన్నాయి. తలుపు ఎత్తు, లోపలి లోతు, మెట్ల మలుపు దగ్గర జాగా. పొడవాటి బీరువా పలక లిఫ్టులో పట్టకపోతే, మలుపు తిరగకపోతే, ఫ్యాక్టరీలో ఎంత బాగా చేసినా ఏం లాభం? ఆ పలకని ముందే రెండు ముక్కలుగా డిజైన్ చేస్తారు. లారీలోకి ఎక్కించే వరస కూడా రాసి ఉంటుంది: చివర బిగించేది ముందు ఎక్కాలి.

మర్నాడు పొద్దున కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో వాళ్ళ సైటుకి వెళ్ళాను. మూడో అంతస్తులో పాత ఎం.ఐ.జి. ఫ్లాటు. తొమ్మిదికి అందరూ హాలు మధ్య నిలబడ్డారు. పది నిమిషాలు. ఎవరు ఏ గదిలో, ఎవరికి ఏం తక్కువుంది, అంతే. తర్వాత మేడం నన్ను స్నానాలగదిలోకి తీసుకెళ్ళింది.

పాత టైల్స్ తీసేసి, పల్లపు స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ పూత రెండుసార్లు వేసి, నీళ్ళు నిలబెట్టారు. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిలు గీత, పక్కన తేదీ, టైము. నలభై ఎనిమిది గంటలు అలా ఉండాలి. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ గుమ్మం దగ్గర చతికిలబడి గీతనే చూస్తున్నాడు.

“ఏమన్నా, దిగినయా నీళ్ళు?” అంది మేడం.

“దిగలే మేడం. గీత కాడనే ఉన్నయ్. ఎండకి ఇంత ఇగిరినయేమో, అంతే.”

“కింద ఇంటికి పోయి చూసినవా?”

“పొద్దుగాల ఒకపారి చూసిన. సీలింగు పొడిగనే ఉంది. మళ్ళ మాపటికి చూస్త.”

టైల్స్ వేసే కుర్రాడు అసహనంగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతనికి చదరపు అడుగు లెక్కన డబ్బు, ఖాళీగా ఉంటే గిట్టుబాటు కాదు. ఇక్కడే చాలా సైట్లు చెడతాయి. నీళ్ళు ఒక్క రాత్రి నిలబెట్టి, పర్లేదులే అనుకుని టైల్స్ పరిచేస్తారు. ఆరు నెలలకి కింద ఇంటి పైకప్పు మీద తడి మచ్చ లేస్తుంది. అప్పుడు వేసిన టైల్స్ అన్నీ పీకాలి. మేడం ఆ కుర్రాణ్ణి కసరలేదు. పరీక్ష జరిగే రెండు రోజులూ అతనికి బాల్కనీ నేల పని ముందే కేటాయించి ఉంచింది. టైల్స్, అంటించే గమ్ము అక్కడే సిద్ధంగా ఉన్నాయి. ఒక చోట ఆగమని చెప్పాలంటే ఇంకో చోట పని చూపించగలగాలి. చూపించలేని సూపర్‌వైజరు ఎంత గట్టిగా అరిచినా ఆ పరీక్ష సగంలోనే ఆగిపోతుంది.

హాలు గోడకి ఒక అట్ట వేలాడుతోంది. ప్రతి పనీ ముగిశాక దాన్ని ఒప్పుకుంటూ సంతకం చేయాల్సింది తర్వాత వచ్చేవాడు. గోడల్లో వేసిన పైపులు సరిగ్గా ఉన్నాయని టైల్స్ మేస్త్రీ, వైరింగు పెట్టెలు లెవెల్‌లో ఉన్నాయని పుట్టీ పెట్టేవాడు, గోడ మూలమట్టానికి ఉందని వడ్రంగి. సంతకం రానివాళ్ళు గుర్తు పెడతారు. తన తర్వాతివాడు ఒక్క వంక కూడా పెట్టకుండా ఒప్పుకుంటే ఆ మేస్త్రీకి అదనపు సొమ్ము వస్తుంది. కూలిలో మాత్రం ఎవరికీ కోత లేదు. సూపర్‌వైజరు పైనుంచి తనిఖీ చేసినప్పుడు దాచగలిగిన లోపాన్ని, దాని మీదే తన పని నిలబెట్టుకోవాల్సినవాడి దగ్గర దాచలేరు.

శనివారం సాయంత్రం షెడ్డులో వారపు సమావేశం. ఇది చూడటానికే మరోసారి వెళ్ళాను. వచ్చే వారం ఏం చేయాలో మేడం చెప్పలేదు, అడిగింది. ఒక్కో మేస్త్రీ తన నోటితో తానే చెప్పాడు. శ్రీకాకుళం పెయింటరు, “రెండో గది పుట్టీ అయితే చేసేస్తామండి, ప్రైమరు మాత్రం చెప్పలేను. ముసురు పట్టింది, గోడలు ఆరట్లేదు” అన్నాడు. మేడం బోర్డు మీది ప్రైమరు చీటీ తీసి పక్క వారంలో అంటించింది. “ముందే చెప్పిన్రు, మంచిగైంది” అంది, అంతే. వంటింటి అరలు బిగించే తేదీ కూడా దానితోపాటు రెండు రోజులు జరిగింది. అక్కడికక్కడే ఇంటావిడకి ఫోన్ చేసి కారణం చెప్పింది.

నాకు కనిపించిన అసలు నాయకత్వం అక్కడ ఉంది. కాదని చెప్పడానికి మేస్త్రీ భయపడని చోట మాత్రమే, ఔనన్న మాటకి విలువుంటుంది. మన దగ్గర “అయిపోద్ది సార్” అనే మాట వెనక ఎక్కువగా ఉండేది భయమే. కాదంటే తిడతారు, లేదా పని ఇంకొకడికి ఇస్తారు. గ్లెన్ బల్లార్డ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1990లలో నిర్మాణ స్థలాల్లో లెక్కలు తీస్తే, ఆ వారం చేస్తామని రాసుకున్న పనుల్లో సగానికి కాస్త పైన మాత్రమే పూర్తవుతున్నాయని తేలింది. ఆయన, గ్రెగ్ హోవెల్ కలిసి తీర్చిదిద్దిన ‘లాస్ట్ ప్లానర్’ పద్ధతిలో ఆఖరి మాట పని చేయించే మేస్త్రీదే. పూర్తికాని పనికి నిందించరు, కారణం రాస్తారు. ఈ షెడ్డు బోర్డులో కూడా ఒక మూల కారణాల గడి ఉంది: సామాను రాలేదు, ముందు పని కాలేదు, మనిషి రాలేదు, ఇంటివాళ్ళు మనసు మార్చుకున్నారు. ఎక్కువ గీతలు దేని ఎదురుగా ఉన్నాయో చూశాను. ఆఖరిదాని ఎదురుగానే.

అందుకే వీళ్ళకి ఒక గట్టి నియమం ఉంది. టైల్స్, కుళాయిలు, కమోడు, గీజరు, స్టవ్వు, చిమ్నీ అన్నీ ఎంపికై, గోడౌన్‌కి చేరి, పెట్టె విప్పి చూసుకున్నాకే ఇంట్లో మొదటి సుత్తి దెబ్బ పడుతుంది. గోడ లోపల పెట్టే కుళాయి ఎంత లోతుకి వెళ్ళాలో ఆ కంపెనీ కుళాయి చేతిలో ఉంటేనే తెలుస్తుంది. గ్రానైటులో స్టవ్వు కోసం కోసే కంత ఆ స్టవ్వును బట్టే. ఏ.సి.కి, గీజరుకి నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు, మామూలు లైట్లకి ఒకటిన్నర. అవి ఎక్కడ వస్తాయో తేలకుండా గోడ గాడి ఎలా కొడతారు? “ఆలస్యంగ మొదలుపెట్టిన ఇల్లే జల్దీ అయితది” అంటుంది మేడం. ఈ నియమం నచ్చక వెళ్ళిపోయిన కస్టమర్లు ఉన్నారు. పోనిచ్చారు.

అన్నీ బాగున్నాయని రాయలేను. రాళ్ళు, మట్టి సంచుల్లో నింపి మూడంతస్తులు దించుతున్న ఇద్దరు ఆడవాళ్ళకి, అదే పని చేస్తున్న మగవాడి కంటే తక్కువ కూలి ఇస్తున్నారు. అడిగితే, వాళ్ళని లేబర్ మేస్త్రీ అడ్డా నుంచి తెస్తాడని, రేటు అతనిదని చెప్పారు. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. ఇంత శ్రద్ధగా లిఫ్టు తలుపు కొలిచేవాళ్ళు ఆ కూలి లెక్క మేస్త్రీకి వదిలేయడం తప్పు. ఆ మాట వాళ్ళ ముందే అన్నాను. మేడం కాదనలేదు. టైల్స్ కోసేటప్పుడు నీళ్ళు పోస్తున్నారు, మంచిదే. గోడ గాడి కొట్టే కుర్రాడి ముక్కుకి మాత్రం చేతిరుమాలే ఉంది. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే నయమయ్యేది కాదు. సరైన మాస్కు ఖర్చు ఒక్క టైలు ఖరీదు పాటి కూడా ఉండదు.

భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చినప్పుడే మరమ్మతు, మార్పులు, కూల్చివేత పనులను కూడా కలుపుకుంది. ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ళలోపు వాళ్ళు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవచ్చు. ఈ సంస్థలో పాతవాళ్ళందరికీ ఆ కార్డులు ఉన్నాయి, అడ్డా నుంచి వచ్చేవాళ్ళకి లేవు. పగిలిన గోడల రద్దు చెరువు గట్టున పారబోయకుండా జీడిమెట్లలోనే ఉన్న నిర్మాణ వ్యర్థాల కేంద్రానికి పంపుతున్నారు. ఆ రశీదులు ఫైల్లో చూశాను.

మీ ఇంటి పనికి ఎస్టిమేటు ఇచ్చేవాళ్ళని చదరపు అడుగు ధర అడిగే ముందు ఈ నాలుగూ అడగండి. ఇప్పుడు మీ చేతిలో ఎన్ని ఇళ్ళున్నాయి? రోజూ మా ఇంట్లో ఉండే మేస్త్రీ ఎవరు? నీళ్ళ పరీక్ష ఎన్ని గంటలు చేస్తారు? మట్టి మోసే అక్కకి ఎంత ఇస్తారు? మీ వంతుగా, టైల్స్, కుళాయిలు తేల్చుకోకుండా గోడ పగలగొట్టమనకండి. పనివాళ్ళకి తాగడానికి నీళ్ళు, వాడుకోవడానికి ఒక బాత్రూము మొదటి రోజే చూపించండి.