వదిలేసిన బోరు

నెల రోజులుగా పోస్టు పెట్టలేదు. మావాడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు కదా, నేనూ మా ఆవిడా వాడి దగ్గరికి వెళ్లొచ్చాం. జర్మనీ విశేషాలు రాయమని కొందరు అడిగారు. విమానాలు, మేడల సంగతి మీ పిల్లలే చెబుతారు. నేను ఒక్క ఊరి గురించే రాస్తా. ఆ ఊరి పేరు బాడ్ నౌహైమ్. ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఉత్తరాన, రైల్లో అరగంట పైచిలుకు.

బాడ్ అంటే స్నానం అంట. భూమిలోంచి వచ్చే ఉప్పు నీళ్లలో స్నానానికి జనం వచ్చే ఊరు. ఈ మాట వినగానే నాకు వెళ్లబుద్ధి కాలేదు. ఉప్పు నీళ్లు చూడ్డానికి రైలెక్కాలా? మా పొలంలో లేవా? పోయినేడు రెండో బోరు వేశా. మొదటిది ఎండింది. రెండోదాంట్లో నీళ్లకు కొదవ లేదు, నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయం. మిరప ఆకుల కొసలు మాడిపోయాయి. చుట్టూ రొయ్యల చెరువులయ్యాయి. మా రెండెకరాలూ లీజుకిమ్మని కాగితాలు రాసి మా ఇంట్లో పెట్టి పోయారు. తిరిగి రాగానే సంతకం పెడతానని చెప్పే బయలుదేరా.

ఆ ఊళ్లో మొదట చూసింది కంపగోడ. పెద్ద పెద్ద దూలాలతో కట్టిన చట్రం, మన రెండంతస్తుల మేడకన్నా ఎత్తు. అందులో కిందనుంచి పైదాకా ముళ్లకంప కుక్కారు. మన రేగుకంపలాంటిదే. పైనుంచి ఉప్పు నీళ్లు చుక్కచుక్కగా కంప మీద పడుతుంటాయి. ఎందుకయ్యా అంటే, మన చినగంజాం కొఠార్లలో ఎండ చేసే పని వాళ్లకి ఎండ చెయ్యదు. పల్చటి ఉప్పు నీళ్లు కాచి ఉప్పు తియ్యాలంటే అడవులు తగలబెట్టాలి. అందుకని ముందు గాలికి ఆరబెట్టేవాళ్లు. కంప మీద మళ్లీ మళ్లీ దింపితే నీరు ఎగిరిపోయి ఉప్పు చిక్కబడుతుంది, సున్నం ముళ్లకే రాయిలా పట్టేస్తుంది. చిక్కబడ్డాకే పెనాల్లో కాచేది. అక్కడ ఉప్పు వండటం రెండు వేల ఏళ్ల కిందటే ఉందంట. ఇప్పుడు ఉప్పు కోసం కాదు, ఆ గాలి పీల్చడానికి ముసలీ ముతకా బెంచీల మీద కూర్చుంటారు. నా పెదాలు కూడా ఉప్పగా అయ్యాయి.

"ఏమయ్యా, ఇంటి దగ్గర ఊరికే వచ్చే గాలి కదా ఇది" అంది మా ఆవిడ.

తర్వాత స్నానశాలల వాకిట్లోకి పోయాం. 1905లో మొదలుపెట్టి కట్టినవి, చెక్కడాలు చూడాల్సిందే. మధ్యలో బుగ్గలు నురగలు కక్కుతూ లేస్తున్నాయి. నీళ్లలో ఇనుముంది కాబట్టి రాళ్లన్నీ తుప్పు రంగు. పెద్ద బుగ్గ కథ మావాడు చదివి చెప్పాడు. అది ఉప్పు నీటి కోసం వేసిన బోరే. సరిగా పడలేదని వదిలేశారు. కొన్నేళ్లకి, 1846 డిసెంబర్లో, లోపలి గ్యాసు తోస్తే దానంతటదే పైకి తన్నింది. తర్వాత గుండె జబ్బుల వాళ్లు ఆ నీళ్లలో మునగడానికి దేశదేశాల నుంచి వచ్చారు.

"మళ్లీ చదువు" అన్నా.

"మన బోరు తన్నదులే నాన్నా" అన్నాడు వాడు నవ్వుతూ.

నాకూ తెలుసు. వాళ్ల ఉప్పు లోతు రాళ్లలోది. మనది సముద్రం లోపలికి తోసుకొచ్చింది, మంచినీళ్లు మనం తోడేసిన చోటుకి. నా మనసు బోరు మీద లేదు, దొరువు మీదికి పోయింది. ఇసక పైపొరలో నిలిచే వాన నీళ్లు అందుకోడానికి మా నాన్న తవ్విన దొరువు. బిందెలతో మోసి నారుకి పోసేవాడు. మోటారొచ్చాక చోటు దండగని పూడ్పించింది నేనే. ఆ మాట అక్కడ వాడికి చెప్పలేకపోయా.

సాయంత్రం పక్కనే ఉన్న స్టైన్‌ఫుర్ట్ పోయాం. 1868 నుంచి గులాబీ మొక్కలు పెంచుతున్న పల్లె. ఎకరాలకెకరాలు గులాబీలే. అడవి గులాబీ వేరు మీద మంచి రకం కన్ను అతికిస్తారు, మన బత్తాయి అంటు లాగే. మా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.

వచ్చి పదకొండు రోజులైంది. రొయ్యలాయన రెండుసార్లు ఫోన్ చేశాడు, వానలయ్యాక మాట్లాడదామన్నా. కాగితాలు బీరువాలో ఉన్నాయి. దొరువు పూడిక తియ్యడానికి మొన్న ఇద్దర్ని పెట్టా. నిన్నటికి నడుం లోతు వచ్చింది, అడుగున చెమ్మ తగిలింది. నీళ్లు ఊరాక రుచి చూసి, ఉప్పో చప్పో ఇక్కడే రాస్తా.