పైవాడు, కిందివాడు

లోకంలో మనుష్యులు రెండు తెగలంటారు పెద్దలు: ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు. తుంగభద్ర ఎడమ కాలువ మీద ఏళ్ళ తరబడి కాపురమున్న మాకు ఈ విభజన సరిపడదు. మా లెక్క ప్రకారం ఉన్నది పైవాడు, కిందివాడు. మన తూముకు పైన పొలమున్నవాడు దొంగ. కింద పొలమున్నవాడు ఏడుపుగొట్టు. మధ్యనున్న మనం మాత్రం ధర్మాత్ములం.

ఈ శాస్త్రం మేము కనిపెట్టినది కాదు, కాలువే నేర్పింది. హోస్పేట దగ్గర ఆనకట్ట 1953లో పూర్తయింది. కరువు సీమలో జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు కొద్దికొద్దిగా, ఎక్కువమందికి నీరందాలని కాలువ తవ్వించినవారి ఉద్దేశం. ఏ పొలంలో ఏ పంట వెయ్యాలో కాగితం మీద రాసికూడా పెట్టారు. ఇంతలో కృష్ణా, గోదావరి జిల్లాలనుంచి మన పెద్దలు సింధనూరు, మాన్వి తాలూకాలకు వచ్చి, నల్లరేగడి కొని, క్యాంపులు వేసి, వరి నాటారు. కాలువ నీళ్ళు చూసిన డెల్టా రైతును జొన్న వెయ్యమనడం, పెళ్ళివారిని పస్తుండమనడమే. వారు చెమటోడ్చారు, నిజం. ఇక్కడి సోనామసూరి బియ్యానికి పేరు తెచ్చారు, అదీ నిజం. మాన్వి, రాయచూరు వైపు కాలువ చివరి పొలాలకు నీరు చాలకపోవడమూ అంతే నిజం. అయితే ఈ మూడు నిజాలనూ ఒక్క ఊపిరిలో చెప్పే పెద్దమనిషి మాకింతవరకు తారసపడలేదు.

చివరి పొలంలో ఉన్నంతకాలం "నీళ్ళు అందరి సొత్తు" అంటాడు మనిషి. పైన నాలుగెకరాలు కొన్న మర్నాడే "ముందొచ్చినవాళ్ళం, మా హక్కు" అంటాడు. మనిషి మారలేదు, సర్వే నంబరు మారింది. పూర్వం రాత్రిపూట లాంతరు పెట్టుకుని తూము దగ్గర కాపలా పడుకునేవారు. ఇప్పుడు ఎండిన మడిని సెల్‌ఫోనులో ఫొటో తీసి వాట్సాపులో పెడుతున్నారు. నిండిన మడిని ఎవరూ ఫొటో తీయరు, గమనించారా?

2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ వారం రోజులూ మా వైపు పైవాడు లేడు, కిందివాడు లేడు. అందరిదీ ఒకటే గుబులు. కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యంలో పనివారు పారే నీటిలోనే అడ్డుపలకలు దించేదాకా, ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు సైతం ఒకరికొకరు కబురు చెప్పుకున్నారు. పలకలు నిలిచాయి. నీరు నిలిచింది. ఆ వెంటనే తగాదాలూ యథాస్థానంలో నిలిచాయి.

మనుష్యులను కలపడానికి ఏటా ఒక గేటు పోవాలంటే ఆనకట్టకు 33 ఏళ్ళే ఆయుష్షు. అంతకంటె చవక మార్గం ఒకటున్నది. సెలవుల్లో పిల్లలకు డ్యాము, తోట చూపిస్తూనే ఉంటాం కదా, ఈసారి కాలువ చివరి తూము చూపిద్దాం. అక్కడ చూడడానికి ఏమీ ఉండదు. చూడవలసింది అదే.